‘గెట్’ పట్టుబడితే చాలా పనులవుతాయి: అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళకి

మా నాన్నగారు ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పొద్దున్నే ఇంగ్లీషు పేపరు చదవందే ఆయనకి రోజు మొదలవదు. న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చిన మూడో వారంలో ఆయన్ని డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాను. నర్సు బీపీ చూసి, కంప్యూటరు వైపు తిరిగి, ‘హౌ మెనీ టైమ్స్ డు యు గెట్ అప్ ఎట్ నైట్?’ అని అడిగింది. నాన్నగారు తడుముకోకుండా ‘ఫోర్ థర్టీ’ అన్నారు.

ఆయనకి వినపడింది గెట్ అప్. గెట్ అప్ అంటే నిద్ర లేవడం, తను లేచేది నాలుగున్నరకి. ఆవిడ అడిగిందేమో రాత్రిపూట బాత్రూముకని ఎన్నిసార్లు లేస్తున్నారని. పెద్దవయసు మగవాళ్ళని ఇక్కడ తరచుగా అడిగే ప్రశ్న అది, ప్రొస్టేటు సంగతీ షుగరు సంగతీ తెలుసుకోవడానికి. నేను సర్ది చెప్పేలోపు ఇంకోటి వచ్చింది: ‘డు యు గెట్ డిజ్జీ వెన్ యు గెట్ అప్?’ ఒకే వాక్యంలో రెండు గెట్‌లు. మొదటిది కళ్ళు తిరగడం. రెండోది ఈసారి నిద్ర లేవడం కాదు, కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడటం. నాన్నగారు నా వైపు చూశారు.

ఇంటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర, ‘నాకు ఇంగ్లీషు రాదని ఇవాళే తెలిసిందమ్మా’ అన్నారు. ఆ మాట నాకు చాలా కష్టమనిపించింది, ఎందుకంటే అది నిజం కాదు. ఆయనకి ఇంగ్లీషు వచ్చు. పట్టుబడనిది ఆ ఒక్క మాట. కొత్తగా వచ్చే పిల్లలకీ, భర్త ఉద్యోగం మీద వచ్చే ఆడపిల్లలకీ, ఆరు నెలలు ఉండివెళ్దామని వచ్చే అమ్మానాన్నలకీ అందరికీ ముందు తగిలే అడ్డం ఇదే కాబట్టి, పద్నాలుగేళ్ళలో నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

మనం బడిలో నేర్చుకున్నది కాగితం మీది ఇంగ్లీషు. ఉత్తరం అందితే రిసీవ్, సరుకు కొంటే పర్చేజ్, ఊరు చేరితే రీచ్, అర్థమైతే అండర్‌స్టాండ్, ఏదైనా అయితే బికమ్. మా ఇంగ్లీషు మాస్టారు వ్యాసంలో గెట్ కనపడితే కొట్టేసి పైన ఎర్రసిరాతో అబ్టెయిన్ అని రాసేవారు. ఆయన తప్పు లేదు, పరీక్షకి అదే కావాలి. కానీ ఆ మాటలన్నీ ఇక్కడ దరఖాస్తు ఫారాల మీద ఉంటాయి, నోటి మీద ఉండవు. ఫారం మీద ‘డేట్ రిసీవ్డ్’ అని ఉంటుంది, కౌంటరు దగ్గరి మనిషి మాత్రం ‘వెన్ డిడ్ యు గెట్ ఇట్?’ అని అడుగుతుంది. మీరు రిసీవ్డ్ అని జవాబు చెప్తే ఆవిడకి చక్కగా అర్థమవుతుంది. ఆవిడ అడిగింది మీకు అర్థం కావడమే కష్టం. అందుకని గెట్‌ని ముందు చెవికి అలవాటు చెయ్యండి, నోరు తర్వాత తనే తిరుగుతుంది.

మన ‘పడు’ని గుర్తు తెచ్చుకోండి

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఏడేళ్ళప్పుడు ఒకరోజు ‘అమ్మా, భయపడ్డాను అన్నావు కదా, ఎక్కడ పడ్డావు?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. భయపడతాం, సిగ్గుపడతాం, కష్టపడతాం, ఇష్టపడతాం. ఎక్కడా కింద పడం. కొత్త ఊరికి అలవాటు పడతాం, చిక్కులోంచి బయటపడతాం. దొంగ పట్టుబడతాడు, జ్వరం తగ్గి మనిషి కుదుటపడతాడు. ఆ రాత్రి పడుకోబోతూ లెక్కపెడుతుంటే ఒకటి తట్టింది. ఇవన్నీ ఇంగ్లీషులో పెడితే చాలావాటికి గెట్ వస్తుంది.

భయపడటం ‘గెట్ స్కేర్డ్’. జబ్బుపడటం ‘గెట్ సిక్’. మెరుగుపడటం ‘గెట్ బెటర్’. పట్టుబడటం ‘గెట్ కాట్’. అలవాటుపడటం ‘గెట్ యూజ్డ్ టు’. జీతం పడిందంటే ‘ఐ గాట్ పెయిడ్’. జరిమానా పడిందంటే ‘ఐ గాట్ ఎ టికెట్’. ఆ ఇద్దరికీ పడదు అంటామే, అది కూడా ‘దే డోంట్ గెట్ అలాంగ్’. పడు అంటే అర్థం ఏమిటని ఎవరైనా నిలదీస్తే మనం ఎలా తెల్లబోతామో, గెట్ అంటే ఏమిటని అడిగితే అమెరికావాళ్ళూ అలాగే తెల్లబోతారు. వాళ్ళెవరూ దాని అర్థాలు బట్టీ పట్టలేదు, మనం పడుకి పట్టనట్టే.

ఒక్క తేడా ఉంది, కష్టమంతా అక్కడే. మనకి అర్థం ఇచ్చే మాట పడుకి ముందు వస్తుంది: భయ, సిగ్గు, అలవాటు. వాళ్ళకి గెట్ తర్వాత వస్తుంది. పైగా తెలుగు వాక్యంలో క్రియ వచ్చిందంటే చెప్పాల్సింది చెప్పేసినట్టే, కాబట్టి క్రియ వినపడగానే మన చెవి విశ్రాంతి తీసుకుంటుంది. ఇంగ్లీషులో గెట్ వినపడినచోట అసలు సంగతి ఇంకా రాలేదు. కొత్తలో నేను చేసిన పొరపాట్లన్నీ గెట్ దగ్గర ఆగి ‘వచ్చింది, దొరికింది’ అని ఊహించేసుకోవడం వల్లే. దాని తర్వాతి మాట కోసం ఆగండి.

ఆ తర్వాతి మాట వస్తువైతే అది చేతికి రావడం: దొరకడం, అందడం, కొనడం, వెళ్ళి తేవడం, ఏదైనా కావచ్చు. గుణమైతే అలా అవడం: ‘గెట్ కోల్డ్’ చల్లారడం, ‘గెట్ లేట్’ పొద్దుపోవడం. చోటైతే చేరడం: ‘గెట్ హోమ్’. వస్తువూ దాని వెనక జరిగిన పనీ వస్తే ఇంకొకరిచేత చేయించుకోవడం. దీనికి తెలుగులో అచ్చంగా సరిపోయే రూపం ఉంది. క్షవరం చేయించుకున్నాను అంటాం కదా, అది ‘ఐ గాట్ మై హెయిర్ కట్’. చాలామంది ‘ఐ కట్ మై హెయిర్’ అంటుంటారు, వినేవాళ్ళకి మీరే కత్తెర పట్టుకుని కత్తిరించుకున్నట్టు వినపడుతుంది. అదే మనిషిని పెట్టి ‘ఐ గాట్ హిమ్ టు కమ్’ అంటే అతన్ని ఎలాగో ఒప్పించి రప్పించానని. ఆ ‘ఎలాగో’ అనేది గెట్‌లోనే ఉంది, విడిగా చెప్పక్కర్లేదు.

గెట్, గాట్, గాటెన్

మనకి ఇంగ్లీషు నేర్పింది ఇంగ్లండువాళ్ళు కాబట్టి గెట్, గాట్, గాట్ అని వల్లెవేశాం. ఇక్కడ మూడోది గాటెన్. మొదటిసారి ఆఫీసులో ఆ మాట విన్నప్పుడు ఎవరో పొరపాటున అన్నారనుకున్నాను. పొరపాటు కాదు, అది పాత రూపం. గెట్ అనే మాటే వెయ్యేళ్ళకి పైగా ముందు ఉత్తరాది నుంచి ఓడల మీద వచ్చి ఇంగ్లండులో స్థిరపడ్డ వైకింగుల భాషలోని ‘గెటా’ నుంచి వచ్చింది. అంతకుముందు ఇంగ్లీషులో దాని చుట్టం ఒకటి ఉండేది కానీ అది ఫర్‌గెట్ లాంటి మాటల్లో అతుక్కుని ఉండేదే తప్ప విడిగా దాదాపు కనపడేది కాదు. 1600లలో ఇంగ్లండు వదిలి అమెరికా చేరినవాళ్ళు గాటెన్‌ని వెంట తెచ్చుకున్నారు. ఆ తర్వాత అక్కడ అది వాడుక తప్పింది, ఇక్కడ మిగిలింది. ఊరు వదిలినవాళ్ళ దగ్గర పాత మాట భద్రంగా ఉండటం మనకి కొత్త కాదు. తరాల కిందట తమిళనాడు వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళ నోట మన దగ్గర మరుగునపడ్డ మాటలు ఇప్పటికీ వినపడతాయి. ఫర్‌గాటెన్ మాత్రం రెండు దేశాల్లోనూ నిలిచింది, కాబట్టి గాటెన్ మీకు పూర్తిగా పరాయిది కాదు.

అమెరికాలో రెండూ ఉంటాయి, రెండిటికీ పని వేరు. ‘ఐ హ్యావ్ గాట్ ఎ కార్’ అంటే నాకు కారు ఉంది. ‘ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు కొనుక్కున్నాను, సంపాదించుకున్నాను. ‘ఇట్ హ్యాజ్ గాటెన్ కోల్డ్’ అంటే చలి మొదలైంది. ఉండటానికి గాట్, రావడానికీ అవడానికీ గాటెన్. మీ అన్నయ్యో చెల్లెలో లండన్‌లో ఉంటే వాళ్ళకి ఇది చెప్పకండి, అక్కడ ఎక్కువగా గాటే నడుస్తుంది.

ఇక మనవాళ్ళందరి నోటా వచ్చే తప్పు: ‘డిడ్ యు గాట్ మై మెయిల్?’ అయిపోయిన పని అని చెప్పే బాధ్యత డిడ్ తీసుకుంది, కాబట్టి గెట్ మారదు. ‘డిడ్ యు గెట్’, ‘ఐ డిడ్ నాట్ గెట్’. పదేళ్ళ అనుభవం ఉన్న ఇంజనీర్లు కూడా దీన్ని తప్పు పలకడం వింటుంటాను. ఎవరూ దిద్దరు, మర్యాద కోసం ఊరుకుంటారు. అందుకే ఎవరికి వారే దిద్దుకోవాలి.

పలికే తీరు కూడా చెప్పాలి. మన ట నాలుకని పైకి మడిచి గట్టిగా కొట్టేది. వాళ్ళది రెండు అచ్చుల మధ్య పడితే అలా తాకీ తాకనట్టు వెళ్ళిపోతుంది, మన డకీ రకీ నడుమ. ‘గెట్ ఇట్’ గెడిట్ అవుతుంది, ‘గెట్ అవుట్’ గెడౌట్ అవుతుంది, ‘గాట్ టు’ గాడా అవుతుంది. గాటెన్‌లో ట గొంతులోనే ఆగిపోయి గా’న్ లాగా వినపడుతుంది. ‘గాట్ యు’ గాచా అవుతుంది, అర్థమైందిలే అని దాని భావం. మీరు అలా పలకాల్సిన పని లేదు, మీ ట మీరు పలకండి. గెడిట్ అంటే గెట్ ఇట్ అని తెలిస్తే చాలు.

ఎక్కడం, దిగడం

మేముండే ఎడిసన్ నుంచి న్యూయార్క్‌కి రైల్లో వెళ్ళేవాళ్ళు చాలామంది. ఆ లైను మీద పెన్ స్టేషన్ అనే పేరుతో రెండు స్టేషన్లున్నాయి: ముందు నెవార్క్ పెన్, ఆ తర్వాత సెకాకస్ దాటి నది అవతల న్యూయార్క్ పెన్. కొత్తవాళ్ళకి నెవార్క్, న్యూయార్క్ ఒక్కలాగే వినపడతాయి. మా పక్క అపార్ట్‌మెంటులోని వరంగల్ అబ్బాయి ఇంటర్వ్యూకని వెళ్తూ నెవార్క్‌లోనే దిగిపోయాడు. దిగకముందు పక్కనున్నాయన్ని అడిగాడట, ‘షల్ ఐ గెట్ డౌన్ హియర్?’ అని. ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు, తల అటూ ఇటూ ఊపాడు.

బస్సో రైలో దిగడానికి మనం గెట్ డౌన్ అంటాం, హైదరాబాదులో అదే మాట అందరూ అంటారు. ఇక్కడ గెట్ డౌన్ అంటే కిందికి వంగు, నేల మీద పడుకో. ప్రమాదంలో అరిచి చెప్పే మాట. బస్సు, రైలు, విమానం దిగడం ‘గెట్ ఆఫ్’. ఎక్కడం ‘గెట్ ఆన్’. కారు, టాక్సీ మాత్రం ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. నేను గుర్తు పెట్టుకున్న పద్ధతి ఇది: లోపల నిలబడి నాలుగడుగులు వెయ్యగలిగితే ఆన్, ఆఫ్. తలవంచి దూరి కూర్చోవాల్సి వస్తే ఇన్, అవుట్. పడవల దగ్గర కూడా ఇది పనికొస్తుంది, చిన్న పడవ ఇన్, పెద్ద ఓడ ఆన్.

కారు మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్తాను, ఇది భాషకి మించిన విషయం. వెనకనుంచి పోలీసు లైట్లు వేస్తే ‘గెట్ పుల్డ్ ఓవర్’ అంటారు. మన ఊళ్ళో పోలీసు ఆపితే బండి దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరకి నడుస్తాం, అదే మర్యాద. ఇక్కడ దిగకూడదు. కారు పక్కకి ఆపి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగు మీద కనపడేలా పెట్టి కూర్చోండి. కాగితాలు అరలో ఉంటే చెయ్యి పెట్టేముందు నోటితో చెప్పండి: ‘ఐ యామ్ గోయింగ్ టు గెట్ మై రిజిస్ట్రేషన్ ఫ్రమ్ ద గ్లవ్ బాక్స్.’ ఆయన సరేనన్నాకే చెయ్యి కదపండి. ఇది వచ్చిన మొదటి వారంలోనే మీ ఇంట్లో అందరికీ చెప్పండి, డ్రైవింగు నేర్చుకోకముందే.

పెట్రోలు పోయించుకోవడం ‘గెట్ గ్యాస్’. న్యూజెర్సీలో మనమే పోసుకోవడానికి వీల్లేదు, 1949 నుంచీ చట్టం అది. కారులోనే కూర్చుని ‘ఫిల్ ఇట్ అప్, రెగ్యులర్’ అంటే చాలు. పెన్సిల్వేనియాలోకి అడుగుపెట్టారంటే మీరే దిగి పోసుకోవాలి.

అంగడి, ఆసుపత్రి, ఆఫీసు

కాఫీ దుకాణంలో ‘వాట్ కెన్ ఐ గెట్ స్టార్టెడ్ ఫర్ యు?’ అని గబగబా అంటారు. స్టార్టెడ్ దగ్గర బెదరకండి, ఏం కావాలనే అడుగుతున్నారు. ‘కెన్ ఐ గెట్ ఎ స్మాల్ కాఫీ?’ అనండి. ‘గివ్ మి ఎ కాఫీ’ అంటే అర్థమవుతుంది కానీ కటువుగా ఉంటుంది. మనకి ‘ఒక కాఫీ ఇవ్వండి’లో ఆ ‘అండి’ మర్యాదంతా మోస్తుంది, ఇంగ్లీషు గివ్‌కి అలాంటి తోక లేదు. ఆ లోటు ‘కెన్ ఐ గెట్’ తీరుస్తుంది. స్నేహితులతో హోటలుకి వెళ్ళినప్పుడు ఒకరు బిల్లు మీద చెయ్యేసి ‘ఐ గాట్ దిస్’ అంటే డబ్బు తనే ఇస్తానని. మనలాగా బిల్లు కోసం పెనుగులాట ఉండదు. ‘థాంక్యూ, ఐ విల్ గెట్ ద నెక్స్ట్ వన్’ అనండి, ఆ తర్వాతిసారి తప్పకుండా ఇవ్వండి. చేతినిండా సామాన్లున్న మనిషి ‘కెన్ యు గెట్ ద డోర్?’ అంటే తలుపు తియ్యమని. ‘గెట్ ద ఫోన్’ అంటే ఫోను ఎత్తమని.

ఆసుపత్రిలో రెండిటి తేడా తెలియాలి. ‘డు యు గెట్ హెడేక్స్?’ అంటే తలనొప్పి అప్పుడప్పుడూ వస్తుంటుందా అని, ఇప్పుడుందా అని కాదు. ఆ రోజు నొప్పి లేదని మా అత్తగారు ‘నో’ అనేశారు, ఆవిడకి నెలకి రెండుసార్లు పార్శ్వపు నొప్పి వస్తుంది. ‘డజ్ ఇట్ గెట్ వర్స్ వెన్ యు వాక్?’ అంటే నడిస్తే ఎక్కువవుతుందా అని. ‘గెట్ ఇట్ చెక్డ్ అవుట్’ అంటే ఆలస్యం చెయ్యకుండా చూపించుకోమని. పెద్దవాళ్ళకి ఇబ్బందిగా ఉంటే దుబాసీని అడగండి. ఫెడరల్ ప్రభుత్వం డబ్బు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రానివాళ్ళకి ఉచితంగా భాషాసాయం చెయ్యాలి, 1964 నాటి పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన నియమం అది. ‘కెన్ వి గెట్ ఎ తెలుగు ఇంటర్‌ప్రిటర్?’ అని అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అడిగితే ఫోను మీదో వీడియో మీదో కలుపుతారు. కూతురి ముందు చెప్పుకోలేని సంగతులు తండ్రికి ఉంటాయి. నేను పక్కనున్నాను కదా అని నాన్నగారి విషయంలో ఈ ఆలోచనే చెయ్యలేదు. రెండోసారికి చేశాను.

ఆఫీసు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, నేను దెబ్బతిన్నది అక్కడే. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో మా మేనేజరు నా బల్ల దగ్గర ఆగి ‘డిడ్ యు గెట్ టు ద రిపోర్ట్?’ అని అడిగింది. రిపోర్టు నాకు పొద్దున్నే మెయిల్లో వచ్చింది. ‘యెస్, ఐ గాట్ ఇట్’ అన్నాను. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మూడింటికి మీటింగులో అందరి ముందూ ‘నీ సవరణలు తెరమీద పెట్టు’ అంది. నేను ఆ ఫైలు తెరవనే లేదు. ఆవిడ అడిగింది ‘అందిందా’ అని కాదు, ‘దాని దాకా వచ్చావా, చూడటానికి తీరిక దొరికిందా’ అని. ఆ ‘టు’ అనే చిన్న మాట నా చెవికి ఆనలేదు. సాయంత్రం ఆవిడకి విషయం చెప్తే అర్థం చేసుకుంది, కానీ ఆ మూడింటి మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకని గెట్ వెనక వచ్చే ఈ పొట్టి మాటల్ని అస్సలు వదలకండి. ‘ఐ విల్ గెట్ ఆన్ ఇట్’ అంటే వెంటనే మొదలుపెడతాను. ‘ఐ విల్ గెట్ టు ఇట్’ అంటే తీరికైనప్పుడు చూస్తాను. ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు’ అంటే ఇప్పుడు చెప్పలేను, తర్వాత చెప్తాను. ఎప్పుడో చెప్పలేదంటే మీరే తేదీ అడగాలి. ‘గెట్ త్రూ’ అంటే గట్టెక్కడం, ఫోనులో అయితే లైను కలవడం. ‘గెట్ బై’ అంటే ఉన్నదాంతో ఎలాగో నెట్టుకురావడం. ‘గెట్ ఓవర్’ అంటే జబ్బునుంచో దుఃఖంనుంచో తేరుకోవడం. అదే మాటని ఎదుటివాళ్ళకి సలహాగా ‘గెట్ ఓవర్ ఇట్’ అంటే, ఇక చాల్లే అని విదిలించినట్టు. తండ్రి పోయిన సహోద్యోగికి ఓదార్పనుకుని అలా అన్నవాళ్ళని చూశాను. అనకండి. ‘ఐ యామ్ సో సారీ’ చాలు.

‘లెట్స్ గెట్ టుగెదర్ సమ్‌టైమ్’ అని పక్కింటివాళ్ళంటే అది మంచి మనసుతో అన్న మాటే, పిలుపు కాదు. రోజూ వేళా చెప్పినప్పుడే పిలుపు. కొత్తలో శనివారం అంతా ఎదురుచూసి బాధపడినవాళ్ళున్నారు. మీరే ముందు ఒక రోజు అనుకుని రమ్మనండి, వాళ్ళు వస్తారు.

మన ఊరి ఇంగ్లీషు కొంత ఇక్కడికి వచ్చేటప్పుడు మార్చుకోవాలి. పెళ్ళి కుదిరిందని చెప్పడానికి ‘మై మ్యారేజ్ గాట్ ఫిక్స్‌డ్’ అంటాం. ఇక్కడ ఫిక్స్ అంటే చెడిపోయింది బాగుచెయ్యడం, పెంపుడు కుక్కల విషయంలో అయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించడం. ‘ఐ యామ్ గెటింగ్ మ్యారీడ్’ అనండి. ‘మై గ్రాండ్‌ఫాదర్ గాట్ ఎక్స్‌పైర్డ్’ అనకండి, ఎక్స్‌పైర్ అయ్యేది పాలడబ్బా, పాస్‌పోర్టు. ‘పాస్డ్ అవే’ అనాలి. ‘ఐ గాట్ ఎ డౌట్’ అంటే మీరు ఎదుటిమనిషిని నమ్మడం లేదన్నట్టు వినపడుతుంది. క్లాసులో అడగాల్సింది ‘క్వశ్చన్’. అర్థం కాకపోతే ‘ఐ యామ్ నాట్ గెటింగ్’ అని ఆపెయ్యకుండా ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అని పూర్తిచెయ్యండి. అలా అనడం అవమానం కాదు, ఇక్కడ పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళు రోజుకి పదిసార్లు అంటారు.

నేర్చుకోవడానికి నాకు పనికొచ్చినవి రెండే. టీవీ కింద అక్షరాలు పెట్టుకుని చూడటం, గెట్ వచ్చినప్పుడల్లా దాని తర్వాతి మాట చదవడం. ఊరి లైబ్రరీకి వెళ్ళడం. చాలా ఊళ్ళ లైబ్రరీల్లో ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు చేసే బృందాలు ఉచితంగా నడుస్తాయి. మీ టౌను లైబ్రరీలో అడగండి. పని చెయ్యడానికి అనుమతి ఇంకా రాక ఇంట్లో ఉంటున్న అమ్మాయిలు ముఖ్యంగా వెళ్ళండి, భాషకన్నా ముందు అక్కడ మనుషులు దొరుకుతారు.

నాన్నగారు లెక్కల మాస్టారు కదా, పాత పద్ధతిలో చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నారు. ఎడమవైపు గెట్, దాని తర్వాతి మాట. కుడివైపు తెలుగు. కుడివైపు చాలాచోట్ల పడు ఉండేది. ఆయన్ని ఎక్కువగా ఆలోచనలో పెట్టింది ‘గెట్ టు’. మా అమ్మాయి బడినుంచి వచ్చి ‘వి గాట్ టు గో టు ద జూ!’ అని గంతులేస్తే, గాట్ టు అంటే తప్పనిసరి కదా, తప్పనిసరై జూకి వెళ్తే ఇంత సంతోషమేమిటని ఆయన అనుమానం. ‘ఐ గాడా గో’ అని తేల్చేస్తే వెళ్ళక తప్పదని. జరిగిపోయినదాని గురించి ‘ఐ గాట్ టు గో’ అంటే వెళ్ళే అవకాశం దక్కిందని. ఆ రెండూ రాతలో ఒకటే. నోటుపుస్తకంలో దాని ఎదురుగా ముందు ‘వీలుపడు’ అని రాసి, కొట్టేసి, ‘నోచుకొను’ అని రాసుకున్నారు. నాకు తెలిసి అంతకన్నా మంచి అనువాదం లేదు.

అక్టోబరులో వచ్చినాయన మార్చిలో తిరిగి వెళ్ళారు. సూట్‌కేసులు కారులో పెడుతుంటే ఎదురింటి పెద్దాయన రోడ్డు దాటి వచ్చి చెయ్యి కలిపారు. ఇద్దరూ ఆ చలికాలమంతా పొద్దున్నే నడకలో ఎదురుపడుతుండేవారు. ఇక్కడ ఎలా గడిచిందని ఆయన అడిగారు. నాన్నగారు కాసేపు ఆగి, ప్రతి టనీ గట్టిగా పలుకుతూ, ‘ఐ గాట్ టు సీ ద స్నో’ అన్నారు.